అక్క ఎత్తుకి కొలిచిన సింకు

రండి, రండి. గోడవారన నిలబడ్డవాళ్ళు ఇటు నీడలోకి జరగండి. చంకలో బిడ్డ ఉన్నామె కూర్చో తల్లీ, బిడ్డ ఏడ్చినా ఫరవాలేదు, పెద్దవాళ్ళు మాట్లాడకుంటే చాలు. ఆ వెనకాల ఇద్దరూ మీ వియ్యంకుల గొడవ రేపు తీర్చుకోండి, అది ఎక్కడికీ పోదు. నోళ్ళు మూస్తే చెవులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇది ఒక సింకు కథ. అప్పుడే నవ్వకండి, నవ్వడానికి ముందుంది చోటు. ఆ తర్వాత నవ్వమన్నా నవ్వరు.

తిరుత్తణిలో గుణశేఖర్ అని ఒక మేస్త్రీ. రాయి కోయడంలో అతన్ని మించినవాడు అరక్కోణం నుంచి ఊత్తుకోట దాకా లేడు. ఒకసారి గ్రానైట్ పలకని ఎంత పల్చగా కోశాడంటే, దాని వెనకాల కూర్చుని దోసెలు పోస్తున్న ఆమె ముక్కుపుడక ఇవతలివాళ్ళకి కనపడిందట. పలక కోశాక దాని అంచు మీద బొటనవేలు రాసి చూస్తాడు. వేలికి ఏమీ తగలకపోతేనే కిందికి దించుతాడు.

సోమవారం పొద్దున అతను లోకల్ రైలెక్కి తిరువళ్ళూరులో దిగాడు. ఆ పక్కనే కాక్కలూరులో కోదండరామ గారింట్లో వంటింటి పని ఉంది, వచ్చి చూడమని అతని అక్క కబురు పెట్టింది. ఆమె పేరు బేబి. పేరుకే బేబి, మనవరాలు బడికి పోతోంది. ఆ ఇంట్లో పందొమ్మిదేళ్ళుగా అంట్లు తోముతోంది.

సంచీ భుజాన వేసుకుని గుణశేఖర్ పెరటి వాకిట్లోకి వచ్చేసరికి ఆమె గొంతుక్కూర్చుని ఉంది. ముందర అంట్లు ఎంత ఎత్తుగా ఉన్నాయంటే, పైనున్న గిన్నె మీద కాకి వాలి తిరుత్తణి కొండ ఎక్కేశాననుకుని విశ్రాంతి తీసుకుంటోంది. బేబి ఆ కొండని అడుగు నుంచి కరిగిస్తోంది. పీచుతో మూడు చుట్లు, బూడిదతో రెండు చుట్లు, చేత్తో ఒకసారి తుడవడం, నీళ్ళు పోయడం. తోమిన గిన్నెని ఎండకేసి తిప్పి చూసి బుట్టలో బోర్లిస్తోంది.

"వచ్చినావా సామీ? తిన్నావా?" అంది తలెత్తకుండానే.

"తిన్న్యాలే. నువ్వు లెయ్యి."

లేవడం అంత సులువు కాదు. ముందు ఎడమ చెయ్యి పక్కనున్న మునగచెట్టు మీద వేసింది. కుడి చెయ్యి మోకాలి మీద అదిమింది. సగం లేచి ఆగింది. ఊపిరి పీల్చి, పళ్ళు బిగించి, మిగతా సగం లేచింది. ఆ చెట్టుకి ఆమె చెయ్యి పట్టుకునే చోట బెరడు నున్నగా అరిగిపోయింది. గుణశేఖర్ దాని మీద బొటనవేలు రాశాడు. వేలికి ఏమీ తగల్లేదు.

బేబి బుట్ట మోసుకెళ్ళి వంటింటి గడప బయట దించింది. లోపల్నుంచి తులసమ్మ చెంబుతో వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలు ఆమే. ఒక్కో గిన్నె మీదా చెంబెడు నీళ్ళు పోసి, తోమిన గిన్నెని మళ్ళీ కడిగి, లోపల పెట్టుకుంది. రోజూ జరిగే పనే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే చేసేశారు.

"మేస్త్రీ, రాప్పా లోపలికి," అంది తులసమ్మ.

గుణశేఖర్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. నిన్నటి సిమెంటు, ఇవాళ్టి రైలు బురద. "కాళ్ళు బాగలేదమ్మా."

"పరవాలే, పని చేసేవోడు లోపలికి రాకుండా ఎట్ల చేస్తాడు?"

గడప దాటి పోయాడు. కొలత టేపు పెరట్లోనే మర్చిపోయాడు. బేబి అది పట్టుకొచ్చి గడప బయటే నిలబడి, పాదాలు కదపకుండా, నడుం వంచి చెయ్యి బారుగా చాపింది. అతను నాలుగడుగులు వెనక్కి వచ్చి అందుకున్నాడు.

*

వంటిల్లు పాతదే అయినా వెలుతురు బాగుంది. నల్ల గ్రానైట్ గట్టు, మూలన బియ్యం కడుక్కోవడానికి చిన్న సిమెంటు తొట్టి. తులసమ్మ కోడలు యశశ్విని ఫోన్ చూపించింది. అందులో తెల్లటి సింకు ఒకటి. గట్టు లోపల దాక్కోకుండా, ముందు వైపు వెడల్పాటి పలక బయటికి కనపడుతూ, ఎనుముకి నీళ్ళు పెట్టే తొట్టిలా దర్జాగా ఉంది.

"దీన్ని ఫార్మ్‌హౌస్ సింకు అంటారన్నా. మనకి పట్టేట్ల పెట్టగలరా?"

వాకిట్లో పేపరు చదువుతున్న కోదండరామ అక్కణ్ణుంచే అరిచాడు. "ఫార్మ్ అయితే మనకి వెంగల్‌లో ఉండాది, హౌసే ల్యా. సింకు మాత్రం ముందే వచ్చేసె!"

"మీరు పేపర్ చూడండి మామా," అని నవ్వింది యశశ్విని.

గుణశేఖర్ గట్టు కింద తల పెట్టి గొట్టం చూశాడు. బయటికి వచ్చి చేతులు దులుపుకుని అడిగాడు. "నిలబడి కడిగేది ఎవురమ్మా? వాళ్ళ ఎత్తుకి పెట్టాల."

"ఇంకెవురు, బేబి అక్కే," అంది యశశ్విని. "మోకాలు నొప్పని చెప్తా ఉండాది గదా. లోపలికి వచ్చి నిలబడి కడగనీ. ఏమంటారత్తా?"

తులసమ్మ అప్పటికే తుడిచిన పొయ్యిని కొంగుతో మళ్ళీ తుడిచింది. "చూద్దాం. ముందు సింకు రానీ."

చూద్దాం అంటే ఎన్ని రకాలుగా అనొచ్చో అందరికీ తెలుసు. గుణశేఖర్‌కి మాత్రం ఒక్కటే రకం వినపడింది. అక్క ఇంక గొంతుక్కూర్చోనక్కర్లేదు. గడప లోపల నిలబడుతుంది. గట్టు దగ్గర, ఫ్యాను కింద, అందరిలా.

*

మధ్యాహ్నం సామాన్ల అంగడికి తులసమ్మ, గుణశేఖర్ కలిసి పోయారు. అక్కడ తులసమ్మ కళ్ళు నేరుగా ఒక చిన్న స్టీలు సింకు మీద పడ్డాయి. తళతళ మెరుస్తోంది, తేలిక, ఉన్న గట్టులోనే ఇమిడిపోతుంది. "ఇది సాలదా మేస్త్రీ? కాఫీ గ్లాసులు, అన్నం తినే తట్టలు ఇందులో కడుక్కుంటే, పెద్దవన్నీ ఎట్లాగూ బయట బేబి తోముతాది."

ఆ మాటకి సరే అని ఉంటే కథ ఇక్కడే అయిపోయేది, మీరు ఇళ్ళకి పోయుండేవాళ్ళు. గుణశేఖర్ సరే అనలేదు. స్టీలు సింకుని వేలితో కొట్టాడు, అది డబ్బాలా మోగింది.

"ఇదేం సింకమ్మా, నాలుగు గ్లాసులు పెడితే ఐదోది వీధిలో నిలబడాల. ఇడ్లీ కుండ యాడ పడతాది? బిరియానీ దబరా యాడ పడతాది? సుమ్మా, ఊరికే అలంకారానికి."

తర్వాత తెల్లదాని దగ్గరికి పోయాడు. నాలుగు మూలలా మెటికలతో కొట్టి విన్నాడు. ఎక్కడా బీట శబ్దం రాలేదు. మోచేతుల దాకా చేతులు లోపల పెట్టి, గిన్నె తిప్పుతున్నట్టు గాల్లో తిప్పి చూపించాడు. "చూడండి, మోచెయ్యి యాడా తగలదు. ఇది పెట్టినామంటే మీ ఇంట్లో గిన్నె ఏదీ బయటికి పోవాల్సిన పన్ల్యా. అంతా ఇక్కడే, నిలబడి, నడుం వంగకుండా."

తులసమ్మ స్టీలుదాన్ని మరోసారి చూసింది. తెల్లదాని అంచు మీద చెయ్యి వేసింది. చెయ్యి తీయలేదు.

దాని బరువు సంగతి చెప్పాలి. నలుగురు ఎత్తి ఆరుముగం లోడు ఆటోలో వెనకాల పెడితే ముందు చక్రం గాల్లోకి లేచింది. పాపం ఆరుముగం అది చూసుకోలేదు. కాక్కలూరు దాకా హ్యాండిల్‌తో గాలినే తిప్పుకుంటూ వచ్చాడు. దార్లో ఎదురొచ్చిన వాళ్ళందరూ దేవుడి ఊరేగింపు అనుకుని దండం పెట్టారు.

*

మంగళవారం గుణశేఖర్ సంచీలోంచి నూలుదారం తీశాడు. ఎత్తు కొలవడానికి అతను టేపు వాడడు. మనిషిని నిలబెట్టి, చేతులు వదిలేయమని, వేళ్ళ కొసలు ఎక్కడికి అందుతాయో అక్కడ దారానికి ముడి వేస్తాడు. సింకు అడుగు ఆ ముడి దగ్గర ఉంటే గంటసేపు కడిగినా నడుం పట్టదు. అతనికి ఆ లెక్క తప్పడం ఎవరూ చూడలేదు.

పెరట్లో గోడకి ఆనించి అక్కని నిలబెట్టాడు.

"నన్నెందుకురా కొలుస్తావు, పెళ్ళి జాకెట్టు కుట్టిస్తావా?"

"సుమ్మా ఉండక్కా. భుజాలు వదిలెయ్. ఎవురో మూట మొయ్యమన్నెట్ల అట్ల బిగబట్టద్దు."

బేబికి భుజాలు వదలడం రాలేదు. అతను రెండు చేతులతో వాటిని మెల్లగా కిందికి అదిమాడు. వేళ్ళ కొసలు దిగిన చోట ముడి వేశాడు.

"అమ్మని కొలవద్దా? ఇల్లు ఆయమ్మది."

"అమ్మ యాడ తోముతాది?" అన్నాడు గుణశేఖర్. దారం జేబులో పెట్టుకున్నాడు.

ఆ పని ఎలా చేశాడో చెప్తే మీరు ఆకలి మర్చిపోతారు. ఇలాంటి పింగాణీ సింకులు బట్టీలో కాలుతాయి కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. కాగితం మీద కొలతలు నమ్మి రాయి కోసినవాళ్ళు ఏడ్చారు. గుణశేఖర్ సింకుని నేల మీద బోర్లించి, దాని చుట్టూ అట్ట కోసి, ఆ అట్టని గట్టు మీద పెట్టి పెన్సిలుతో గీశాడు. తర్వాత కట్టర్ పెట్టాడు. యశశ్విని పొయ్యికి, డబ్బాలకి తడి గోతాలు కప్పింది. బేబి గడప బయట్నుంచి చెంబులతో నీళ్ళు అందిస్తుంటే, అతను అవి కోత మీద పోసుకుంటూ కోశాడు. తెల్లటి బురద కారింది కానీ దుమ్ము లేవలేదు. ముందు అంచు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాడు, ఎందుకంటే వెనకాల మిగిలే సన్నటి పట్టీ విరిగితే గట్టంతా పోయినట్టే. విరగలేదు. అంచు మీద బొటనవేలు రాశాడు. తృప్తిపడ్డాడు.

బుధవారం ఇనుప చట్రం, దాని కింద ఇటుకల కట్టు. అప్పుడే ఒక చిక్కు వచ్చింది. సింకు లోతు ఎక్కువ, అక్క ఎత్తుకి దించేసరికి దాని అడుగున నీళ్ళు దిగే నోరు గోడలో ఉన్న పాత గొట్టం కంటే జానెడు కిందికి పోయింది. నీళ్ళు కిందినుంచి పైకి ఎక్కవు కదా.

"నాలుగు వేళ్ళు పైకి లేపితే సరిపోదా అన్నా?" అంది యశశ్విని. "గోడ పగలగొట్టే పని ఉండదు."

"నాలుగు వేళ్ళు లేపితే ఆ నాలుగు వేళ్ళూ భుజం మీద ఎక్కుతాయి పాపా. రోజూ."

గోడ పగలగొట్టాడు. గొట్టం జానెడు దించి, బయటి కాలవ దాకా వాలు తీశాడు. వాలు చూడడానికి ఒక గోలీ గుండు దొర్లించాడు. అది ఎక్కడా ఆగకుండా పోయి కాలవలో పడింది. సాయంత్రానికి గోడ పూసేశాడు. బేబి పెరట్లో కూర్చుని అంట్లు తోముతూ, "ఒరే, చాలురా, అన్నం తిను," అని నాలుగుసార్లు పిలిచింది. అతను వినపడనట్టు పని చేశాడు. పనిలో సంతోషంగా ఉన్నవాడికి ఆకలి ఎలా తెలుస్తుంది?

గురువారం సింకు కూర్చోబెట్టాడు. రస మట్టం పెట్టి చూశాడు, అందులో బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. అంచుల వెంబడి మైనంలాంటి పేస్టు పూసి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో లాగాడు. ఆ గీత వెంట్రుకంత సన్నగా, తిన్నగా వచ్చింది. ఒక రాత్రి ఎండాలి, రేపటి దాకా నీళ్ళు తగలకూడదు అని చెప్పాడు. ఆ తెలుపు చూసి పక్కింటి పిల్లి పాలగిన్నె అనుకుని కిటికీ ఊచల దగ్గర కూర్చుని అరుస్తూనే ఉంది.

పోతూపోతూ పెరట్లో అక్కని అడిగాడు. "ఎట్లుండాది?"

"నేను యాడ చూసినాను? ఇక్కణ్ణుంచి అంచు కనపడతాది అంతే."

"రేపు చూస్తువులే. రేపు నువ్వే కదా."

బేబి తన చేతులు చూసుకుంది. చేతి గోళ్ళ సందుల్లో నల్లటి మసి ఉంది. దాన్ని చీపురుపుల్లతో తీసుకోవడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం పొద్దున గుణశేఖర్ వచ్చేటప్పటికి బేబి పెరట్లో నిలబడి ఉంది. తల దువ్వుకుని కనకాంబరాలు పెట్టుకుంది. పెళ్ళిళ్ళకి మాత్రమే కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. కాళ్ళు ఎంతగా తోమి కడుక్కుందంటే మడమల పగుళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి. అంట్లు అలాగే ఉన్నాయి, తోమలేదు. బుట్టలో సర్ది గడప దగ్గర పెట్టింది.

"ముందు కుడికాలే గదా పెట్టాల?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఏదో ఒక కాలు పెట్టక్కా. సింకు చూడదు."

లోపల తులసమ్మ సింకుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. గుణశేఖర్ కొళాయి తిప్పాడు. నీళ్ళు వచ్చి తెల్లటి అడుగు మీద విచ్చుకుని, సుడి తిరిగి దిగిపోయాయి. కింద గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చెమ్మ లేదు.

"మొదటి గిన్నె ఇంటామె కడగాల," అంది తులసమ్మ. పాలగిన్నె తీసుకుని కడిగింది.

కడిగి ఆగింది. నడుం మీద చెయ్యి వేసుకుని, తీసేసింది. బుట్టలోంచి తట్ట తీసుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత దబరా. అంత పెద్ద దబరా సింకులో ఒక చుట్టు తిరిగింది, ఎక్కడా తగల్లేదు. తులసమ్మ నడుం వంగలేదు, భుజాలు లేవలేదు. కోదండరామ వచ్చి చూసి, "ఏందే, ఏదో పాట పాడతా ఉండావు?" అన్నాడు. అప్పుడుగానీ తను పాడుతున్నట్టు ఆమెకి తెలియలేదు.

గుణశేఖర్ ఆమె వెనక నిలబడి చూస్తున్నాడు. ఆమె వేళ్ళ కొసలు సింకు అడుగున సరిగ్గా ఆనుతున్నాయి. అప్పుడు చూశాడు. గడప బయట అక్క తల, గడప లోపల తులసమ్మ తల. రెండూ ఒకే ఎత్తు. పందొమ్మిదేళ్ళుగా ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి ఉండేవాళ్ళు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

బుట్ట ఖాళీ అయింది.

తులసమ్మ చేతులు తుడుచుకుని తిరిగింది. మొహం విచ్చుకుని ఉంది. "నిజంగా చెప్తా ఉండాను మేస్త్రీ, కడిగినట్లే ల్యా. రెండుసార్లు కడిగే పీడ కూడా పాయె. నువ్వు తోమేది, నేను మళ్ళా నీళ్ళు పోసేది, ఇదంతా ఎందుకు బేబీ? ఇంక నువ్వు రావద్దు. నీకు మోకాలు నొప్పి గదా, ఇంట్లో కూచోని రెస్టు తీసుకో."

ఆమె ఆ మాట మంచిగానే అంది. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే బాధ. కోపంగా అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

యశశ్విని, "అత్తా..." అంది. 

గుణశేఖర్ నోరు తెరిచాడు. "అమ్మా, అక్క కోసమే గదా... ఎత్తు కూడా..." అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. దారం తగిలింది. దాన్ని బయటికి తీసి ఏం చూపిస్తాడు? ఈ ముడి మా అక్కది అంటాడా? ఒక్క క్షణం అతనికి పిచ్చి ఆలోచన వచ్చింది. రేపు ఏదో వంకన వచ్చి ఈ సింకుని నాలుగు వేళ్ళు పైకి లేపేస్తే? మళ్ళీ తన పని వంక చూశాడు. వెంట్రుకంత గీత, మట్టంగా నిలబడిన అంచు. చెయ్యి రాదు. మంచి పనిని పాడు చెయ్యడం అతనికి ఎవరూ నేర్పలేదు.

బేబి కుడికాలు కొంచెం ముందుకి పెట్టి ఉంది. వెనక్కి తీసుకుంది.

"సరేమ్మా," అంది. తర్వాత గడప బయట్నుంచే మెడ సాచి, సింకుని అంచు నుంచి అంచు దాకా చూసింది. "బాగా పెట్టినావురా గుణా. యాడా వంకర ల్యా."

ఖాళీ బుట్టని తీసుకెళ్ళి మునగచెట్టు మొదట్లో బోర్లించింది.

*

ఇద్దరూ వీధిలోకి రాగానే ఎదురింటి వళ్ళియమ్మ గేటు దగ్గర పట్టుకుంది. బేబి ఆ ఇంట్లో కూడా తోముతుంది.

"మేస్త్రీ, తులసక్క ఫోన్ చేసినాది. అంత బాగుండాదంట గదా! మాకూ అట్లాంటిదే ఒకటి పెట్టియ్యి. ఎప్పుడు వస్తావు?"

గుణశేఖర్ నేల చూపులు చూశాడు. "మీకెందుకమ్మా అంత పెద్దది? చిన్న స్టీలుది పెట్టుకోండి. తేలిక. తళతళలాడతాది. గట్టు కొయ్యే పని ల్యా. పెద్దవి ఎట్లాగూ బయట..." ఆ మాటలు మొన్న తను అంగట్లో కొట్టిపారేసినవే. నాలిక మీద చేదుగా తిరిగాయి.

"స్టీలు నాకొద్దు. తులసక్కది నాకు గావాల."

"అయితే నాకు తీరిక ల్యా," అని నడిచేశాడు.

బేబి అతని వెనకాలే వచ్చింది. నొప్పి మోకాలి మీద బరువు పడకుండా ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది. మలుపు తిరిగాక ఆగింది.

"ఎందుకురా పని వద్దంటావు?"

"నా చేత్తోనే రెండో ఇల్లు కూడా పోగొట్టమంటావా?"

"నువ్వు కాకపోతే ఇంకోడు వస్తాడు. కాగితం చూసి కోస్తాడు, గట్టు పగలగొడతాడు, గొట్టం దించకుండా సింకు పైకి ఎత్తి పెడతాడు. ఆ పని ఎట్లన్నా పొయ్యేదే. ఆయమ్మ నడుమన్నా బాగుండనీ. నువ్వే పొయ్యి పెట్టు."

"నేనప్పుడు గమ్మునుంటే అయిపోయేది. స్టీలుది తీసుకుంటానన్నాది ఆయమ్మ. నేనే నోరు పెట్టినా."

"ఊరికే ఉండు. నాకోసం గదా పెట్టినావు."

ఆ మాట అతన్ని ఓదార్చడానికే అంది. అతనికి అది ఓదార్పు కాలేదు. జేబులో దారం తీసి, ముడి విప్పబోయాడు. బిగుసుకుపోయి ఊడలేదు. బేబి అది లాక్కుని, పళ్ళతో పట్టి విప్పి, సాఫీ చేసి, చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టింది. "రేపు గావాల గదా," అంది.

ఆమె ఉండే సందు మొదట్లో వీధి కొళాయి. బిందెలు వరసలో ఉన్నాయి, మనుషులు లేరు, నీళ్ళూ లేవు. కొళాయి గట్టు మీద అరవిందన్ అని పిల్లకాయల తండ్రి ఒకడు పళ్ళపుల్ల నములుతూ కూర్చున్నాడు. పొద్దున అయిదు నుంచీ అక్కడే ఉన్నాడు.

"ఏంక్కా, పట్టుచీరతో? కల్యాణమా?"

"సింకు పెట్టినాడు మా తమ్ముడు. చూసేదానికి పొయినా," అంది బేబి. తెల్లదని, పెద్దదని, దబరా కూడా తిరుగుతుందని, నిలబడి కడగొచ్చని అంతా చెప్పింది. ఇంక రావద్దన్నారని కూడా చెప్పింది, అదీ సింకు గురించిన ఒక సంగతే అయినట్టు. గుణశేఖర్ బిందెల వరస వంక చూస్తూ నిలబడ్డాడు.

అరవిందన్ పళ్ళపుల్ల నోట్లోంచి తీసి, కాసేపు గట్టిగా ఆలోచించాడు. ఎండిన కొళాయిని ఒకసారి, గుణశేఖర్‌ని ఒకసారి చూశాడు.

"అంత మంచి తమ్ముణ్ణి పెట్టుకోని ఎందుక్కా దిగులు? మీ ఇంట్లో కూడా అట్లాంటిదే ఒకటి పెట్టిచ్చెయ్. నీళ్ళదేముందిలే, అంత పెద్ద సింకు కనపడినాదంటే, అవే ఎతుక్కుంటా వస్తాయి!"